హైవే పక్క ఊళ్లో రోడ్డు దాటడం: డ్రైవర్ బాధ్యత ఎంత, నడిచేవారి బాధ్యత ఎంత?

రణస్థలం, చిలకపాలెం మధ్య హైవే పక్కనున్న ఊరు మీది. సంత నుంచి వచ్చి సందెవేళ బస్సు దిగిన మీ పక్కింటి పెద్దామె రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది, కాలు విరిగింది. నడిపిన కుర్రాడిది పక్క ఊరే. ఊళ్లో కొందరు ‘చూసుకోకుండా అడ్డంగా వచ్చేసింది, ఆమెదే తప్పు’ అంటున్నారు, మిగతావాళ్లు కుర్రాడిని తిడుతున్నారు. పెద్దలు కూర్చుని ఎంతో కొంత ఇప్పించి రాజీ చేసేద్దామంటున్నారు. తప్పెవరిది, ఇలాంటిది మళ్లీ జరగకుండా ఊరు ఏం చేయగలదు అని మీరు అడిగారు.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరి, చివరి సంవత్సరాల్లో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరయ్యాను. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట మీదుగా వచ్చే ఈ 16వ నంబరు జాతీయ రహదారిని 5వ నంబరుగా పిలిచిన రోజుల నుంచీ ఎరుగుదును. కాబట్టి స్టీరింగ్ వెనక కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నది కాస్త వివరంగా చెప్పగలను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద ఎవరి బండికి బరువు, వేగం ఎక్కువో వాళ్ల బాధ్యత ఎక్కువ. నడిచేవాళ్లు పొరపాటు చేస్తారని లెక్కలో ఉంచుకుని నడపాల్సింది డ్రైవరే. పసిపిల్లాడు, చూపు ఆనని ముసలాయన, తాగి ఊగుతున్న మనిషి, ఎవరు అడ్డం వచ్చినా వాళ్ల పొరపాటుకు ప్రాణం పోవాల్సిన పని లేదు. నడిచేవారికీ బాధ్యత ఉంది, అది వేరే రకం. డ్రైవర్‌కి కనిపించాలి. తాము ఏం చేయబోతున్నారో అతనికి అర్థమయ్యేలా కదలాలి. ఈ రెండూ కుదిరిన చోట ప్రమాదం చాలావరకు తప్పిపోతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది బైకులు, స్కూటర్ల మీద వెళ్తున్నవాళ్లు, 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలివి. అంటే ప్రతి వంద మందిలో 64 మంది చుట్టూ ఏ రక్షణా లేనివాళ్లే. మీ ఊరి పెద్దామె, ఆ కుర్రాడు ఇద్దరూ ఈ 64 మంది కోవకు చెందినవాళ్లే. అతనూ కింద పడి తల పగిలి ఉండొచ్చు. అందుకే ఒకరిని దోషిగా, ఇంకొకరిని అమాయకులుగా నిలబెట్టి మాట్లాడటం నాకు నచ్చదు.

ఇక అసలు విషయం, దాటడం. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఊళ్లు హైవేకి ఒకపక్క, పొలాలో బడో బస్సు ఆగే చోటో ఇంకోపక్క ఉంటాయి. రోజుకు నాలుగుసార్లు దాటక తప్పదు.

ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. నాలుగు వరుసల రోడ్డులో డివైడర్ దాకా దాటాల్సింది 7 మీటర్లు. ఆరు వరుసలుగా వెడల్పు చేసిన చోట పదిన్నర మీటర్లు. అంచున ఉండే షోల్డర్ దీనికి అదనం. మోకాళ్ల నొప్పులున్న పెద్దామె సెకనుకు 0.8 మీటరు నడుస్తుందనుకోండి. 7 మీటర్లకు 9 సెకన్లు, పదిన్నర మీటర్లకు 13 సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు వస్తుంది. ఆమె మొదటి అడుగు వేసేటప్పుడు బండి 200 మీటర్ల దూరంలో ఉంటే, నాలుగు వరుసల రోడ్డులో ఆమె డివైడర్ ఎక్కే క్షణానికి బండి సరిగ్గా అక్కడికి వచ్చేస్తుంది. ఆరు వరుసల రోడ్డయితే బండి 290 మీటర్ల అవతల ఉండాలి. 100లో వచ్చే కారయితే 360 మీటర్లు. అంత దూరంలో ఉన్న కారు కంటికి చిన్నగా కనిపిస్తుంది. ‘ఇంకా ఎక్కడో ఉందిలే’ అని ఎవరికైనా అనిపిస్తుంది. మన కన్ను దూరాన్ని అంచనా వేయగలదు గానీ, నేరుగా మన మీదికి వచ్చే బండి వేగాన్ని సరిగా పట్టుకోలేదు. పాత సింగిల్ రోడ్డు మీద లారీ నలభైలో వచ్చిన రోజుల్లో దాటడం నేర్చుకున్న పెద్దవాళ్లకు ఆ పాత లెక్కే ఇప్పటికీ అలవాటు. రోడ్డు మారిపోయింది, వాళ్లకు కొత్త లెక్క ఎవరూ చెప్పలేదు. ‘చూసుకోకుండా వచ్చేసింది’ అన్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఆమె చూసే ఉంటుంది, చూసినా సరిపోని రోడ్డు అది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు ‘చూసుకుని దాటు’ అని చెప్పి ఊరుకోకండి. రోడ్డు అంచున నిలబెట్టి, అదిగో ఆ బోర్డు దాటి ఇటు ఏ బండీ లేకపోతేనే అడుగు వెయ్యి అని ఒక గుర్తు చూపించండి. చెట్టో, కరెంటు స్తంభమో, బోర్డో, ఆ గుర్తు 400 మీటర్లకు తక్కువ కాకుండా చూసుకోండి. రోడ్డును రెండు ముక్కలుగా దాటించండి. మొదటి సగానికి బండ్లు కుడి చేతి వైపు నుంచి వస్తాయి. డివైడర్ దగ్గర పూర్తిగా ఆగి, ఊపిరి తీసుకుని, ఇప్పుడు ఎడమ వైపు చూడాలి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మనవైపు ఎక్కువ కాబట్టి రెండు సగాల్లోనూ రెండో వైపు కూడా ఒక చూపు వేయాలి.

డ్రైవర్‌గా నన్ను ఎప్పుడూ భయపెట్టింది ఇంకొకటి ఉంది. సగం దూరం వచ్చిన మనిషి బండిని చూసి బెదిరి వెనక్కి తిరగడం. మనిషి ముందుకు పోతున్నాడని డ్రైవర్ చూస్తాడు, అతని వెనకనుంచి పోనిద్దామని స్టీరింగ్ తిప్పుతాడు. అదే క్షణంలో ఆ మనిషి వెనక్కి పరుగెత్తితే నేరుగా బండి కిందకే వస్తాడు. అడుగు వేశాక అదే నడకతో ముందుకే వెళ్లాలి. పరుగెత్తొద్దు, ఆగొద్దు, వెనక్కి తిరగొద్దు. గుంపుగా దాటేటప్పుడూ ఇదే చిక్కు. ఉపాధి పనికి వెళ్లే ఆడవాళ్లు పదిమంది కలిసి వస్తారు. నలుగురు దాటేస్తారు, మిగతావాళ్లు ఆగుతారు, అవతలి నుంచి ‘రా రా’ అని పిలుస్తారు. ఆ పిలుపుకు ఒకామె పరుగెత్తుతుంది. గుంపు మొత్తం ఒకేసారి దాటాలి, కుదరకపోతే మొత్తం ఆగాలి.

మీ కేసులో బస్సు ఉంది కదా. బస్సు దిగగానే దాని ముందు నుంచి దాటడం మన దగ్గర చాలా మామూలు. బస్సు డ్రైవర్ చేయి ఊపి ‘వెళ్లు’ అంటాడు. అతను ఆపగలిగేది తన బస్సునే, దాన్ని ఓవర్‌టేక్ చేసి వచ్చే బైకుని ఆపలేడు. బస్సు వెనకనుంచి దూసుకొచ్చేవాడికి ముందు నుంచి వచ్చే మనిషి ఆఖరి క్షణం దాకా కనిపించదు. శిక్షణలో నేను డ్రైవర్లకు చెప్పిన మాట: చేయి ఊపి ఎవరినీ దాటించకండి, దిగినవాళ్లతో ‘బస్సు కదిలాక వెళ్లండమ్మా’ అనండి. దిగినవాళ్లు రోడ్డుకు దూరంగా నిలబడి, బస్సు వెళ్లిపోయి రోడ్డు రెండు వైపులా కనిపించాకే కదలాలి. అర నిమిషం ఆలస్యం, అంతే.

బైకు నడిపేవాళ్లకు దీని రెండో సగం. ఆగి ఉన్న బస్సు కనిపించిందంటే దాని ముందు ఒక మనిషి ఉన్నట్టే అనుకోవాలి. వేగం ముప్పైకి దించి, బ్రేకు మీద వేళ్లు పెట్టి దాటాలి. ఆ కుర్రాడు ఇది చేశాడా లేదా నాకు తెలియదు. చేసి ఉంటే కాలు విరిగేంత దెబ్బ తగిలేది కాదనే నా అనుభవం చెబుతోంది.

రెండోది చీకటి. సందెవేళ, తెల్లవారుజామున పరిస్థితి ఇంకా కష్టం. ఎదుటి మనిషి కంటపడి, మెదడుకు తెలిసి, బ్రేకు మీద కాలు పడేసరికి ఇంచుమించు ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. పొడి రోడ్డు మీద 40లో వెళ్లే బండి పూర్తిగా ఆగడానికి దాదాపు 27 మీటర్లు, 60లో 48 మీటర్లు, 80లో 70 మీటర్ల పైన కావాలి. తడి రోడ్డు, అరిగిన టైరు అయితే ఇంకా ఎక్కువ. ఎదురుగా బండ్లు వస్తున్నప్పుడు లైటు డిప్ చేయాలి. డిప్ చేసిన బైకు లైటులో ముదురు రంగు చీర కట్టుకున్న మనిషి ముప్పై మీటర్ల దూరానికి వస్తే గాని ఆనదు. అంటే 60లో వెళ్లేవాడు ఆమెను చూసేసరికే ఆగే అవకాశం దాటిపోయింది. రాత్రి బైకు ఎంత వేగంగా వెళ్లొచ్చు అంటే బోర్డు మీద రాసిన అంకె చూడొద్దు, మీ లైటు ఎంత దూరం చూపిస్తోందో ఆ దూరంలో ఆగగలిగినంత వేగం, అంతకు మించి వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మంచు కమ్మినప్పుడూ ఇదే సూత్రం. ఎదుటివాడు హై బీమ్ కొట్టి కళ్లు చెదిరిపోతే వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచు గీతను చూస్తూ వెళ్లాలి. మీరూ హై బీమ్ కొట్టి పంతానికి పోతే ఇద్దరూ గుడ్డివాళ్లవుతారు, మధ్యలో దాటే మనిషి పోతాడు.

నడిచేవాళ్లు చేతిలో చిన్న టార్చి పట్టుకోవాలి, లేదా ఫోన్ లైటు వేసుకుని నేల వైపు పెట్టి ఊపుతూ నడవాలి. కదిలే వెలుగు చాలా దూరం నుంచి డ్రైవర్ కంట్లో పడుతుంది. తెల్లటి తువ్వాలు భుజాన వేసుకున్నా కొంత మేలే. లారీల వెనక అతికించే మెరిసే స్టిక్కర్ ముక్క చేతికర్రకో, సంచికో, సైకిల్ మడ్‌గార్డుకో అంటించుకుంటే ఇంకా మంచిది. తెల్లారకముందే కూరగాయల గంపలతో రోడ్డెక్కే రైతులకు, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు ఇది ఊరి యువత చేసి ఇవ్వగలిగిన పని. ఖర్చు పెద్దగా ఉండదు.

లైటు కొట్టడం గురించి ఒక మాట. మన దగ్గర డ్రైవర్ లైటు కొట్టాడంటే ‘నేను వస్తున్నాను, ఆగు’ అని. నడిచేవాళ్లలో చాలామంది ‘నువ్వు వెళ్లు’ అని అర్థం చేసుకుంటారు. ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. హారన్ కూడా అంతే, హారన్ కొట్టాను కాబట్టి నా బాధ్యత అయిపోయిందనుకునే డ్రైవర్లు ఎందరో ఉన్నారు. హారన్‌తో పాటు కాలు యాక్సిలరేటర్ మీద నుంచి దిగాలి. దిగకపోతే ఆ హారన్‌కి విలువ లేదు.

ఇక డ్రైవర్ల తప్పుల్లో నాకు బొత్తిగా మింగుడుపడనిది రాంగ్ రూట్. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని, అంతదూరం ఎవరు వెళ్తారని, హైవే మీద ఎదురు దిశలో అంచు పట్టుకుని వచ్చేస్తారు. పాలవాళ్లు వస్తారు, పిల్లల్ని బడికి తీసుకెళ్లే తండ్రులు వస్తారు, ట్రాక్టర్లూ వస్తాయి. మీరు 40, ఎదుటివాడు 80 అంటే ఇద్దరి మధ్య దూరం 120 వేగంతో తరిగిపోతుంది. ఆ దారిలో నడిచే మనిషి అటువైపు చూడనే చూడడు, ఎందుకంటే అటునుంచి బండి రాకూడదు. పెట్రోలు పది రూపాయలు మిగుల్తుందేమో, అంతకు మించి ఇందులో లాభం లేదు.

ఊరి రోడ్ల మీద, అంటే డివైడర్ లేని రోడ్ల మీద నడిచేటప్పుడు కుడి అంచున నడవాలి. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది, కావాలంటే పక్కకు తప్పుకోవచ్చు. ఎడమవైపు నడిస్తే బండి వెనకనుంచి వస్తుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటే చప్పుడు కూడా తెలియదు. మార్నింగ్ వాక్ చేసేవాళ్లు నలుగురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ నడవడం మానుకోవాలి. కుడివైపు మూల మలుపు ఉండి ఎదురుగా వచ్చే బండ్లు కనిపించకపోతే, ఆ మలుపు దాకా అవతలి అంచుకు మారడం మంచిది.

కోతలయ్యాక మన రోడ్లు కళ్లాలవుతాయి. ధాన్యం ఆరబోస్తారు, చోళ్లు, ఉలవలు, నువ్వులు రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు. రైతుకు జాగా లేక చేసే పని ఇది, నాకు తెలుసు. కానీ సగం రోడ్డు ఆక్రమించి చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు పెట్టి, చీకటి పడ్డాక నల్ల టార్పాలిన్ కప్పి ఇంటికెళ్లిపోతే, ఆ రాయి మీదికి బైకు ఎక్కి చనిపోయేది కూడా రైతు కొడుకే. గడ్డి మీద బ్రేకు వేస్తే టైరు జారిపోతుంది. రోడ్డు మీద ఆరబోయక తప్పకపోతే రాళ్ల బదులు ఇసుక నింపిన గోనెసంచులు పెట్టండి, సాయంత్రానికి కుప్ప పక్కకు తీసేయండి, వంతెన దగ్గర, మలుపు దగ్గర అసలే వద్దు. సంకిలి మిల్లుకు చెరకు తోలే ట్రాక్టర్ల వెనక ఎర్ర లైటు గాని, మెరిసే టేపు గాని లేకపోతే రాత్రిపూట అది రోడ్డు మీద గోడతో సమానం. చెరకు వెనక్కి వేలాడుతుంటే చివరన ఎర్రగుడ్డ సరిపోదు, వెలుగు ఉండాలి. ఆగిపోయిన లారీ డ్రైవర్లకూ ఇదే మాట, పార్కింగ్ లైట్లు వేసి, వెనక కనీసం యాభై మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం బోర్డు పెట్టాలి.

పట్టణాల సంగతి కొంచెమే చెబుతాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గాని, విజయనగరం మయూరి జంక్షన్‌లో గాని ముందు దూరినవాడిదే దారి అన్నట్టు నడుపుతారు. 2017 నాటి కేంద్ర డ్రైవింగ్ నిబంధనల ప్రకారం రౌండ్ తిరిగే చోట అప్పటికే లోపల ఉన్న బండికి దారివ్వాలి. జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్లకు దారివ్వాలి, ఫుట్‌పాత్ మీద బండి ఎక్కించకూడదు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టంగా చెప్పింది. ఫుట్‌పాత్ మీద బళ్లు, బోర్డులు, బైకులు పెడితే మనిషి రోడ్డు మీదికే దిగుతాడు, అతన్ని తిట్టి లాభం లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను నాడు, రథసప్తమికి అరసవల్లి దారిలో జనం రోడ్డంతా నడుస్తారు. ఆ రోజుల్లో వేరే దారి ఉంటే అటు వెళ్లడమే డ్రైవర్ చేయాల్సిన పని.

కుర్రాళ్ల తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సింది ఉంది. 18 నిండని పిల్లాడికి బైకు ఇచ్చి అతను ప్రమాదం చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికి వెళ్లే వయసులో లైసెన్స్ లేకుండా నిలబడాల్సి వస్తుంది. హెల్మెట్ విషయం కొత్తగా చెప్పేదేముంది అంటారు, అయినా చెబుతాను. సరైన హెల్మెట్ చనిపోయే ముప్పును 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. స్ట్రాప్ పెట్టుకోకపోతే గుద్దిన మొదటి క్షణంలోనే అది ఎగిరిపోతుంది. వెనక కూర్చున్న భార్యకూ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ చట్టప్రకారం హెల్మెట్ ఉండాలి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, రోడ్డు పక్కన అమ్మే టోపీలాంటివి వద్దు.

షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇద్దరు కూర్చుంటే అతని మోచేయి తిరగదు, అద్దం కనిపించదు. ఎక్కేవాళ్లు కూడా ‘ఇంకొకరికి చోటుంది’ అనే మాట మానేయాలి. ఖాళీ లేని ఆటోను వదిలి తర్వాతది ఎక్కడం ప్రయాణికుడి చేతిలో ఉన్న పనే.

ప్రమాదం జరిగాక ఏం చేయాలో ఊళ్లో అందరికీ తెలియాలి. 108కి ఫోన్ చేయాలి, హైవే మీదయితే 1033కి కూడా. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. స్పృహ సరిగా లేనివాళ్లకు నీళ్లు తాగించకూడదు. మెడ మీద, వెన్ను మీద దెబ్బ ఉందని అనుమానం ఉంటే ఆటోలో మడిచి కూర్చోబెట్టకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ గుంజకండి. సాయం చేసినవాళ్లను పోలీసులు ఇరికిస్తారేమో అన్న టెన్షన్ ఇప్పుడు అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రి వాళ్లు డబ్బు కట్టమని అడగకూడదు. 2025 మేలో వచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల లోపు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అందుతుంది. గుద్దిన డ్రైవర్ బాధితుడిని ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయాలి, 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి. జనం కొడతారని భయం ఉంటే అక్కడ ఆగకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లే వెసులుబాటును 134వ సెక్షన్ ఇచ్చింది. పారిపోవడానికి మాత్రం ఇవ్వలేదు. దయచేసి ఊళ్లో ఎవరూ డ్రైవర్ మీద చేయి చేసుకోకండి. మీ దెబ్బలకు భయపడే కొందరు దెబ్బ తగిలినవాళ్లను అక్కడే వదిలేసి పోతారు.

ఇప్పుడు మీ ఊరి రాజీ సంగతి. నేను వద్దంటాను. కుర్రాడిని జైలుకు పంపాలని కాదు. కాలు విరగడమంటే చట్టం దృష్టిలో తీవ్రగాయం. అదే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం తప్పెవరిదో నిరూపించాల్సిన పని లేకుండానే తీవ్రగాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు బండి యజమాని గాని, ఇన్సూరెన్స్ కంపెనీ గాని చెల్లించాలి. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే ఆ డబ్బు కంపెనీ ఇస్తుంది, ఆ కుటుంబం అప్పు చేయక్కర్లేదు. ఆపరేషన్‌కి, తర్వాత నడవడానికి పట్టే నెలలకు అంతకన్నా ఎక్కువ ఖర్చు అయితే ఆ సెక్షన్ బదులు 166 కింద మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో దావా వేసి పూర్తి పరిహారం అడగొచ్చు. అక్కడ ఎవరి అజాగ్రత్త ఎంత అన్నది తేలుస్తారు, నడిచేవారి తప్పు కూడా ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. ఆరు నెలల లోపే వేయండి. వీటన్నిటికీ మొదటి కాగితం ఎఫ్ఐఆర్. పెద్దలు ఇప్పించే ఇరవై, ముప్పై వేలు తీసుకుని కాగితం లేకుండా చేసుకుంటే రేపు ఆమె కాలు సరిగా అతక్కపోయినా అడిగే దారి ఉండదు. బండి ఏదో తెలియకుండా పారిపోయిన కేసుల్లో కూడా మరణానికి రెండు లక్షలు, తీవ్రగాయానికి 50,000 వస్తాయి. దానికీ పోలీసు కేసే ఆధారం.

కేసు పెట్టడానికి ఇంకో కారణం ఉంది, ఇది మీ ఊరందరికీ సంబంధించింది. జాతీయ రహదారి మీద ఒక 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్రగాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే, దాన్ని బ్లాక్‌స్పాట్‌గా గుర్తిస్తారు. గుర్తిస్తే అక్కడ మార్పులు చేయాల్సిన బాధ్యత రోడ్డు సంస్థ మీద పడుతుంది. మీ బస్సు స్టాపు దగ్గర ఇప్పటిదాకా ఎన్ని కాళ్లు విరిగాయో మీకు తెలుసు, పోలీసు రికార్డుకు తెలియదు, ఎందుకంటే అన్నీ రాజీ అయిపోయాయి. కాగితాల మీద మీ జంక్షన్ క్షేమంగా ఉంది.

ఎఫ్ఐఆర్ అయ్యాక ఒక అర్జీ రాయండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. ‘మా ఊళ్లో ప్రమాదాలు జరుగుతున్నాయి’ అని ఊరికే రాయొద్దు. కిలోమీటరు రాయి నంబరు, గత మూడేళ్లలో జరిగినవి తేదీ, సమయం, ఎఫ్ఐఆర్ ఉంటే దాని నంబరు, రోజూ ఏ వేళల్లో సుమారు ఎంతమంది దాటుతున్నారో రెండు రోజులు కుర్రాళ్లను కూర్చోబెట్టి లెక్కించి రాయండి. అడగాల్సినవి కూడా విడివిడిగా రాయండి: బస్సు స్టాపు దగ్గర వీధి దీపాలు, బస్సు రోడ్డు దిగి ఆగేలా బే, డివైడర్‌లో ఎవరో తవ్వుకున్న అడ్డదారి మూత, దాటే చోటికి ముందు రెండు వైపులా రంబుల్ స్ట్రిప్స్ (బండి అదిరి డ్రైవర్ వేగం తగ్గించేలా వేసే సన్న గట్లు), హెచ్చరిక బోర్డు. దగ్గరలో అండర్‌పాస్ ఉండి వానాకాలం నీళ్లు నిలిచి ఎవరూ వాడట్లేదంటే ఆ ఫోటోలు జత చేయండి, దాన్ని బాగుచేయించుకోవడం కొత్త వంతెన అడగడం కన్నా త్వరగా తేలుతుంది. సర్పంచి సంతకంతో పాటు దాటే ఆడవాళ్ల సంతకాలూ పెట్టించండి, రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ రసీదు నంబరుతో మళ్లీ వెళ్లండి.